పది లక్షల లోపు కొత్త కారు: క్రాష్ రేటింగ్ చదవడం, షోరూంలో సేఫ్టీ తేల్చుకోవడం

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి వెడల్పుగా, సాఫీగా ఉంటుంది. ముల్లు ఎప్పుడు వందకు చేరిందో కూడా తెలియదు. లైట్లు లేకుండా అంచున ఆగిపోయిన లారీ, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టరు, డివైడరు సందులోంచి ఒక్కసారిగా అడ్డం వచ్చే బైకు ఉండేదీ ఆ రోడ్డు మీదే. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా వైపు తిరిగితే ఘాట్ రోడ్డు. వానాకాలంలో అక్కడ మలుపు మలుపుకీ జారుడే.

ఈ రోడ్ల మీద తిరగడానికి మొదటి కారు కొనే ఇంట్లో ముందు మైలేజీ అడుగుతారు, తర్వాత ఈఎంఐ, ఆ తర్వాత టచ్ స్క్రీన్ సైజు. సేఫ్టీ దగ్గరికొచ్చేసరికి "ఎన్ని స్టార్లు?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టేస్తారు. సేల్స్ అబ్బాయి "ఫైవ్ స్టార్ సార్" అంటాడు. ఆ స్టార్లు ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరంలో, ఏ వేరియంట్‌కి, పెద్దలకా పిల్లలకా అన్న నాలుగు సంగతులూ తేలేదాకా అడ్వాన్సు కట్టకండి.

స్టార్లు ఇచ్చేది ఎవరు

మన దేశంలో అమ్మే కార్లకు రెండు చోట్ల నుంచి రేటింగులు కనిపిస్తాయి. ఒకటి గ్లోబల్ ఎన్‌క్యాప్, కార్ల భద్రతను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ. ఇది 2014 నుంచి ఇండియా కార్లను గుద్దించి చూస్తోంది. రెండోది భారత్ ఎన్‌క్యాప్. కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో ప్రకటించి, అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది. దీని పరీక్ష పద్ధతంతా ఏఐఎస్-197 అనే ప్రమాణంలో రాసి ఉంటుంది.

ఈ రెండింటి మార్కులనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పాత పద్ధతిలో పెద్దల భద్రతకు 17 మార్కులే ఉండేవి. 2022 జూలైలో నిబంధనలు కఠినం చేసి 34 చేశారు. భారత్ ఎన్‌క్యాప్‌లో అవే మార్కులు 32కి ఇస్తారు. పిల్లల భద్రతకు మాత్రం అన్నిచోట్లా 49. టాటా నెక్సాన్‌నే చూడండి. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో దానికి 32.22 వచ్చింది, అదే ఏడాది భారత్ ఎన్‌క్యాప్‌లో 29.41. కారు నాసిరకం అయిపోయిందని కాదు, ఒకటి 34కి, ఇంకోటి 32కి. ప్రకటనలో ఒట్టి మార్కులు కనబడితే ఎన్నింటికి అని అడగండి.

సంవత్సరం కూడా అంతే ముఖ్యం. 2022 జూలైకి ముందు పరీక్షలో పక్కనుంచి గుద్దడం మీద మార్కులు లేవు, కారు జారిపోకుండా అదుపులో పెట్టే ఈఎస్‌సీకి ఇప్పుడున్న పట్టింపు లేదు. అప్పట్లో తెచ్చుకున్న 4 స్టార్లూ ఇప్పటి 4 స్టార్లూ ఒకటి కావు. 2020, 2021 నాటి రేటింగును ఇప్పటికీ పోస్టరు మీద వేసుకుంటున్న కారైతే, కొత్త పద్ధతిలో మళ్ళీ పరీక్షకు వెళ్ళిందా అని తప్పకుండా అడగాలి.

భారత్ ఎన్‌క్యాప్‌లో చేసే పరీక్షలు మూడు. మొదటిది ముందు నుంచి: కారు 64 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, ముందు వెడల్పులో 40 శాతం మాత్రమే తగిలేలా, నలిగే అడ్డుకట్టను గుద్దుతుంది. ఎదురొచ్చే బండిని తప్పించబోయి డ్రైవరు వైపు గుద్దుకోవడం ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది. పూర్తి వెడల్పుతో గోడను గుద్దడం కన్నా ఇది కారు బాడీకి కష్టమైన పరీక్ష, దెబ్బంతా ఒక పక్కే మోయాలి. రెండోది పక్క నుంచి: 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే ట్రాలీ డోరును గుద్దుతుంది. మూడోది స్తంభం: కారును పక్కవాటుగా 29 కిలోమీటర్ల వేగంతో ఇనుప స్తంభానికి తగిలిస్తారు. ఇది 3 స్టార్లూ ఆ పైన కావాలనుకునే కార్లకు. కారు జారి పక్కవాటుగా కరెంటు స్తంభాన్నో చెట్టునో తగిలితే తల దగ్గర ఏం జరుగుతుందో ఈ పరీక్ష చెబుతుంది. పైకప్పు అంచు నుంచి తెరలా దిగి తలను కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ విలువ తెలిసేది ఇక్కడే.

5 స్టార్లు రావాలంటే పెద్దల విభాగంలో 32కి కనీసం 27, పిల్లల విభాగంలో 49కి కనీసం 41 రావాలి. 4 స్టార్లకు 22, 35. 3 స్టార్లకు 16, 27. మార్కులు ఎన్ని వచ్చినా, ఈఎస్‌సీ, ముందు సీట్ల బెల్టు హెచ్చరిక లేకపోతే 3 స్టార్లు కూడా ఇవ్వరు.

ఇంకో సంగతి. రోడ్డెక్కే ప్రతి కారూ చట్టప్రకారం కొన్ని పరీక్షలు దాటే వస్తుంది. ముందు నుంచి 56 కిలోమీటర్ల వేగంతో చేసే ఏఐఎస్-098, పక్క నుంచి చేసే ఏఐఎస్-099 అలాంటివే. "గవర్నమెంటు సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది సార్" అని షోరూంలో అంటే అది ఈ కనీస అర్హత గురించి. అది లేకపోతే కారు అమ్మనే కూడదు. స్టార్ రేటింగుకు వెళ్ళడం కంపెనీ ఇష్టం. రేటింగు లేదంటే సున్నా స్టార్లని అర్థం కాదు, మనకేమీ తెలియదని అర్థం. అలాంటి కారుకీ, రిపోర్టు బయటపెట్టి 4 స్టార్లు తెచ్చుకున్న కారుకీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే రెండోదే తీసుకోవాలన్నది మా గట్టి మాట.

రిపోర్టులో ఏం చూడాలి

భారత్ ఎన్‌క్యాప్ వెబ్‌సైటులో ప్రతి కారు రిపోర్టూ ఉంటుంది. కారుకు అంటించే స్టిక్కరు మీద క్యూఆర్ కోడ్ కూడా ఉంటుంది, ఫోనుతో స్కాన్ చేస్తే చాలు. షోరూంలో కూర్చునే చదవొచ్చు, పది నిమిషాల పని.

మొదట పైన రాసిన పేరు చూడండి. పెట్రోలా, ఎలక్ట్రిక్కా, ఏ వేరియంట్లకు వర్తిస్తుంది. టాటా పంచ్ ఈవీకి 2024లో భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు వచ్చాయి, పెద్దల విభాగంలో 32కి 31.46. పెట్రోలు పంచ్‌కి 2021లో 5 స్టార్లు వచ్చింది గ్లోబల్ ఎన్‌క్యాప్ పాత పద్ధతిలో, 17కి 16.45. పేరు ఒకటే, కారు కింద ఉన్న నిర్మాణం వేరు, పరీక్షా వేరు. ఒకదాని మార్కులు చూపించి ఇంకోటి అమ్మితే ఒప్పుకోకండి. అలాగే డిజైర్‌కి 5 స్టార్లు వచ్చాయి కదా, స్విఫ్టు కూడా దాని తమ్ముడే కదా అనే మాట చెల్లదు. విదేశాల్లో అమ్మే అదే పేరు కారుకు వచ్చిన స్టార్లు కూడా ఇక్కడి కారుకు వర్తించవు.

తర్వాత వేరియంట్. మారుతి బాలెనోను 2025లో రెండు రకాలుగా పరీక్షించారు. ఆరు ఎయిర్‌బ్యాగులున్న దానికి పెద్దల విభాగంలో 26.52, రెండే ఉన్నదానికి 24.04. రెండూ 4 స్టార్లే. పోస్టరు మీద తేడా కనపడదు, రిపోర్టులో కనపడుతుంది.

ఇక పెద్దల స్టార్లు, పిల్లల స్టార్లు విడివిడిగా చదవాలి. 2025లో డిజైర్‌కి పిల్లల విభాగంలో 41.57 వచ్చింది కాబట్టి 5 స్టార్లు. హోండా అమేజ్‌కి 40.81 వచ్చింది కాబట్టి 4. తేడా ఒక్క మార్కు కూడా లేదు. కాబట్టి ఒక స్టారు తక్కువని కారును కొట్టిపారేయకుండా మార్కు ఎంతో చూడాలి. ఇంకోవైపు బాలెనోకి పెద్దలవి 4 స్టార్లయితే పిల్లలవి 3. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు రెండో అంకె చూడకుండా వచ్చేయకూడదు.

ఆ కిందే మనిషి బొమ్మ ఉంటుంది, ఒంటి మీద రంగులు వేసి. ఆకుపచ్చ అంటే రక్షణ బాగుంది, పసుపు పరవాలేదు, నారింజ అంతంతమాత్రం, గోధుమ బలహీనం, ఎరుపు ప్రమాదకరం. తల, మెడ ఆకుపచ్చగా ఉండి, ఛాతీ నారింజలో ఉంటే అక్కడ ఆగి ఆలోచించండి. మొత్తం మార్కులు బాగానే ఉన్నా ఛాతీ దగ్గర ఎరుపో గోధుమో ఉన్న కారు మీద మాకు నమ్మకం లేదు. కాళ్ళు విరిగితే అతుక్కుంటాయి, ఛాతీకి తగిలిన దెబ్బ ప్రాణానికొస్తుంది.

గ్లోబల్ ఎన్‌క్యాప్ రిపోర్టుల్లో ఇంకో మాట కూడా ఉంటుంది, బాడీషెల్ స్టేబులా అన్‌స్టేబులా అని. అన్నిటికన్నా విలువైన మాట ఇదే. గుద్దుకున్నప్పుడు బానెట్ వైపు భాగం నలిగి దెబ్బ శక్తిని తినెయ్యాలి. మనం కూర్చునే గది మాత్రం నలగకూడదు. గది నలిగితే స్టీరింగు మీదికి వస్తుంది, పెడళ్ళు కాళ్ళలోకి వస్తాయి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయానికి తల ఉండాల్సిన చోట ఉండదు. అన్‌స్టేబుల్ అని రాశారంటే ఇంకొంచెం వేగమైతే ఆ గది తట్టుకోలేదని అర్థం. 2023లో ఆల్టో కె10నీ, వ్యాగన్ ఆర్‌నీ ఒకేసారి పరీక్షించారు. రెండింటిలోనూ రెండేసి ఎయిర్‌బ్యాగులే. ఆల్టో బాడీ స్టేబుల్, 2 స్టార్లు. వ్యాగన్ ఆర్ బాడీ అన్‌స్టేబుల్, 1 స్టారు. పిల్లల విభాగంలో రెండింటికీ సున్నా.

2025లో మారుతి ఈ రెండు కార్లలోనూ అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చింది. మంచి పనే, పక్క నుంచి తగిలే దెబ్బలో తలకు ఆసరా దొరుకుతుంది. కానీ ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన బాడీ గట్టిపడదు. "సిక్స్ ఎయిర్‌బ్యాగ్స్ సార్" అన్న మాటను స్టార్ రేటింగుకు బదులుగా తీసుకోకండి.

స్టార్లు చెప్పనివి

5 స్టార్ల చిన్న కారు, 5 స్టార్ల పెద్ద కారుతో సమానం కాదు. ముందు నుంచి చేసే పరీక్షలో కారు తన బరువుకు తగ్గ దెబ్బే తింటుంది. ఆ పరీక్షను తన బరువున్న ఇంకో కారుతో గుద్దుకోవడంగా అనుకోండి. తొమ్మిది వందల కిలోల హ్యాచ్‌బ్యాక్, పదిహేడు వందల కిలోల ఎస్‌యూవీతో గుద్దుకుంటే చిన్నదే ఎక్కువ నష్టపోతుంది. కాబట్టి స్టార్లు పోల్చేది ఒకే సైజు కార్ల మధ్యే.

వేగం సంగతి. 64 కిలోమీటర్ల దగ్గర చేసిన పరీక్ష అది. 100 దగ్గర గుద్దుకుంటే దెబ్బ శక్తి దాదాపు రెండున్నర రెట్లు. నాలుగు లైన్ల డివైడరు రోడ్ల మీద కార్లకు చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం కూడా 100. పరీక్షలో చూపిన రక్షణను ఆ వేగంలో ఏ కారు నుంచీ ఆశించకూడదు.

మన హైవే మీద అందరికీ తెలిసిన ప్రమాదం, రాత్రిపూట ఆగి ఉన్న లారీ వెనక దూరడం. ఈ పరీక్షలు దాన్ని చూపించవు. అడ్డుకట్ట కారు బంపరు ఎత్తులో ఉంటుంది, నలిగే భాగాలకు పని దొరుకుతుంది. లారీ వెనక బాడీ బానెట్‌కి పైన ఉంటుంది. వెనక అడ్డంగా ఉండాల్సిన ఇనుప కడ్డీ వంగిపోయో, ఊడిపోయో ఉంటే కారు కిందికి దూరిపోతుంది, నేరుగా అద్దం దగ్గర తగులుతుంది. నలిగే భాగానికి పని లేదు, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకు సమయానికి కబురు అందకపోవచ్చు. దీనికి స్టార్ల దగ్గర జవాబు లేదు. చీకటి పడ్డాక ఎడమ అంచు లైనులో వేగంగా పోకపోవడం, హెడ్‌లైటు వెలుగు పడే దూరంలో ఆపగలిగే వేగంలో ఉండటం, అద్దం లోపలా బయటా శుభ్రంగా ఉంచుకోవడం, ఇవే.

ముందు నుంచి గుద్దే పరీక్షలో వెనక సీట్లో పెద్దవాళ్ళ బొమ్మలు ఉండవు. ముందు ఇద్దరు పెద్దలు, వెనక ఏడాదిన్నర, మూడేళ్ళ పిల్లల బొమ్మలు, అవి కూడా పిల్లల సీట్లలో. వెనక కూర్చునే అమ్మానాన్నలకు ఎంత రక్షణో పెద్దల స్టార్లు చెప్పవు కాబట్టి, వెనక బెల్టులు ఎలా ఉన్నాయో మనమే చూసుకోవాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు పోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీ దాటని కార్లకు ఇది వర్తిస్తుంది. మిగిలిన డబ్బుతో సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌కి వెళ్ళడం చూస్తున్నాం. అంతకన్నా ముందు కొనాల్సినవి వేరే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు ఈఎస్‌సీ. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి. కానీ మలుపులో కారు జారిపోతుంటే ఏబీఎస్ ఏమీ చేయలేదు. ఈఎస్‌సీ స్టీరింగు ఎటు తిప్పారో, కారు నిజంగా ఎటు పోతోందో సరిపోల్చి, తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలోకి తెస్తుంది, ఇంజను పవరు తగ్గిస్తుంది. సాలూరు ఘాట్‌లోనో, శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కేటప్పుడో వాన కురుస్తుంటే దాని పని తెలుస్తుంది. హైవే మీద కుక్క అడ్డమొచ్చి స్టీరింగు ఒక్కసారి అటూ ఇటూ కోసినప్పుడు కారు తిరగబడకుండా కాపాడేది కూడా ఇదే. ప్రమాదం జరిగాక కాపాడేవి ఎయిర్‌బ్యాగులు, బెల్టులు. ఇది ప్రమాదం జరగకుండానే ఆపడానికి చూస్తుంది.

దాని తర్వాత కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, వెనక మధ్య సీటుకు కూడా భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు, వెనక మూడు సీట్లకూ ఎత్తు మార్చుకునే హెడ్‌రెస్టులు, వెనక బెల్టులకు కూడా హెచ్చరిక. ఆ తర్వాతే వెనక కెమెరా. టచ్ స్క్రీన్ తర్వాత బయట పెట్టించుకోవచ్చు. ఈఎస్‌సీ గానీ, కర్టెన్ ఎయిర్‌బ్యాగు గానీ బయట ఏ షాపులోనూ పెట్టరు, కొన్నప్పుడు రాకపోతే ఇక రాదు.

షోరూంలో అరగంట

కొన్ని కంపెనీల షోరూంలు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటాయి, కొన్నింటికి విశాఖ వెళ్ళాలి. ఎక్కడైనా డిస్‌ప్లేలో పెట్టేది ఎక్కువగా టాప్ మోడలే. మీరు కొనబోయే వేరియంట్ బండినే స్టాక్ యార్డులోంచి తెప్పించి చూపించమనండి. కుదరదంటే ఆ వేరియంట్ బ్రోచరు పేజీ మీద ఈఎస్‌సీ, ఎయిర్‌బ్యాగుల సంఖ్య, వెనక మధ్య బెల్టు ఈ మూడింటికీ సేల్స్ మేనేజరు సంతకం పెట్టించుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు.

కారులో కూర్చుని ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజను స్టార్ట్ చేయకుండా. మీటరులో మనిషి ముందు గుండ్రటి బుడగ ఉన్న ఎర్ర లైటు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. అది ఎయిర్‌బ్యాగ్ లైటు. వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా లోపమే. కారు కింద వంకర గీతలున్న పసుపు లైటు ఈఎస్‌సీది. అది అసలు రాకపోతే ఆ వేరియంట్‌లో ఈఎస్‌సీ ఉందో లేదో మళ్ళీ నిలదీయండి.

ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టండి. ఎక్కడుంటే అక్కడ గుర్తు రాసి ఉంటుంది: స్టీరింగు మధ్యలో, ఎడమ డ్యాష్‌బోర్డు మీద, ముందు సీట్ల వీపు భాగం డోరు వైపు అంచున, పైన పిల్లర్ల మీద. కర్టెన్ అంటే పైకప్పు అంచు వెంట ముందు నుంచి వెనక దాకా ఉండేది.

డ్రైవరు సీటు మీకు సర్దుకుని, ఛాతీకీ స్టీరింగు మధ్యభాగానికీ 25 సెంటీమీటర్లు ఉన్నాయా కొలవండి. పొట్టిగా ఉన్నవాళ్ళకు సీటు ఎత్తు పెంచే సదుపాయం లేకపోతే ముందుకు జరిగి కూర్చోవాల్సి వస్తుంది, ఎయిర్‌బ్యాగ్ దెబ్బ ముఖానికి దగ్గరగా తగులుతుంది. ఇంట్లో నడిపేవాళ్ళందరూ ఒకసారి కూర్చుని చూడాలి.

వెనకకి వెళ్ళండి. మూడు బెల్టులూ ఒక్కొక్కటి లాగి, మధ్యలో ఒక్కసారి గట్టిగా గుంజండి. టక్కున పట్టేయాలి. బకిల్ సీటు సందులోకి కూరుకుపోతే రోజూ తీయడానికి విసుగొచ్చి ఎవరూ పెట్టుకోరు, అదీ చూసుకోవాల్సిందే. హెడ్‌రెస్టు పైకి లాగితే నడినెత్తి ఎత్తుకు వస్తుందా చూడండి. అది మెడ దగ్గరే ఉండిపోతే, వెనక నుంచి లారీ తగిలినప్పుడు మెడ వెనక్కి విరుచుకుపోతుంది.

పిల్లల సీటు

వెనక సీటు, వీపు కలిసే సందులో చెయ్యి పెట్టి తడిమితే రెండు సన్నని ఇనుప కడ్డీలు తగులుతాయి, వాటి మధ్య 28 సెంటీమీటర్ల ఎడం. అవే ఐసోఫిక్స్ కొక్కేలు. పైనుంచి లాగి కట్టే పట్టీకి వెనక సీటు వీపు మీదో డిక్కీ వైపో ఇంకో కొక్కెం ఉంటుంది. రెండు పక్క సీట్లకూ ఇవి ఉండాలి. కొనబోయే పిల్లల సీటును షోరూంకి తీసుకెళ్ళి బిగించి చూడటం మేలు. బిగించాక పట్టుకుని అటూ ఇటూ కదిపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి జరగకూడదు.

సీటు కొనేటప్పుడు దాని మీద ఆర్44 గానీ ఆర్129 గానీ (పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాలు) రాసిన నారింజ రంగు లేబుల్ చూడండి. 13 కిలోల లోపు పిల్లలకు వెనక్కి తిరిగి ఉండే సీటు, 9 నుంచి 18 కిలోల వాళ్ళకు ముందుకు తిరిగేది, 15 నుంచి 36 కిలోల దాకా బూస్టరు, అంటే కారు బెల్టు సరిగ్గా పట్టేలా ఎత్తు పెంచే సీటు. ఆర్129 సీటయితే బరువుతో కాకుండా ఎత్తుతో లెక్క, కనీసం 15 నెలలు నిండేదాకా బిడ్డ వెనక్కే తిరిగి ఉండాలి. వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా బిడ్డ తల వెనక సీటును కొడుతుంది.

పెళ్ళికో, పైడితల్లి పండక్కో వెళ్ళేటప్పుడు పిల్లల్ని ముందు సీట్లో ఒడిలో కూర్చోబెట్టుకోవడం మన దగ్గర అలవాటు. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని కారు పదో వంతు సెకనులో ఆగిందనుకోండి, పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 140 కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. ఎంత బలమున్న చేతులైనా పట్టలేవు. పైగా బిడ్డ మీకూ ఎయిర్‌బ్యాగుకీ మధ్యలో ఉంటుంది. ఒకే బెల్టు ఇద్దరికీ చుట్టడం ఇంకా ప్రమాదం, మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది. చట్టం కూడా 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా వేస్తుంది.

చీర కట్టుకున్నవాళ్ళు, గర్భిణులు బెల్టు కింది భాగం పొట్ట మీద కాకుండా, తుంటి ఎముక మీద ఆనేలా, కుచ్చెళ్ళను సర్దుకుని పెట్టుకోవాలి. భుజం భాగం రొమ్ముల మధ్య నుంచి రావాలి, చంక కింద నుంచి కాదు.

కొన్నాక పాడుచేసుకునే దారులు

అరసవల్లిలోనో, పైడితల్లమ్మ గుడి దగ్గరో బండికి పూజ అయ్యాక ఎడమ డ్యాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహాన్ని గమ్‌తో అంటిస్తారు. ఆ ప్లాస్టిక్ మూత కిందే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, రెప్పపాటు కన్నా తక్కువలో ఆ మూత చీల్చుకుని బయటికొస్తుంది. విగ్రహం ఆ వేగంతోనే ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముఖానికి తగులుతుంది. దేవుణ్ణి మధ్యలో, ఏసీ గాలి వచ్చే సందుల కింద, చిన్న మెత్తటి బొమ్మగా పెట్టుకోండి. ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చోట ఏదీ వద్దు, ఫోను స్టాండు కూడా.

ముందు ఇనుప గార్డు, అదే బుల్ బార్, 2017 డిసెంబరు నుంచి నిషేధం. అయినా యాక్సెసరీల షాపుల్లో వేస్తూనే ఉన్నారు. అది దెబ్బను నలిగే భాగాలకు చేరకుండా నేరుగా ఛాసిస్‌కి పంపిస్తుంది, సెన్సార్ల లెక్క తప్పిస్తుంది. దారిన పోయే మనిషికి తగిలితే బతకడం కష్టం.

సీటు కవర్లు వేయించేటప్పుడు సీటులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే, ఆ అంచున కుట్టు తేలిగ్గా చిరిగే రకం కావాలని చెప్పండి. మందపాటి రెక్సిన్ గట్టి దారంతో చుట్టూ కుట్టేస్తే ఎయిర్‌బ్యాగ్ లోపలే ఇరుక్కుంటుంది. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి, అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు. కవర్లు వేసేవాళ్ళు వాటిని పీకితే మీటరులో ఎర్ర లైటు వెలిగి ఉండిపోతుంది.

బెల్టు హెచ్చరిక ఆపడానికి బకిల్‌లో దూర్చే క్లిప్పులు అమ్మవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆన్‌లైన్ అంగళ్ళను ఆదేశించింది. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. బెల్టు లేకుండా ఉన్న మనిషి ముందుకు తూలి, విచ్చుకుంటున్న ఎయిర్‌బ్యాగుకు ఎదురు వెళ్తాడు. అప్పుడు మెడ విరిచేది అదే. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడు మాత్రమే.

డెలివరీ రోజున నాలుగు టైర్ల మీదా, స్టెప్నీ మీదా గుండ్రటి గడిలో నాలుగు అంకెలు చూడండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. డోరు అంచున ఉన్న స్టిక్కరులో రెండు గాలి లెక్కలుంటాయి, ఇద్దరికి ఒకటి, నిండా జనం ఉంటే ఒకటి. టైరు గాడిలో చిన్న గట్టు ఉంటుంది, రబ్బరు దాని మట్టానికి అరిగితే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. వానాకాలం వచ్చేలోపు మార్చేయాలి.

బానెట్, డోర్ల సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, రబ్బరు బీడింగుల మీద పెయింటు తుంపరలు ఉన్నాయా అని పగటి వెలుగులో చూడండి. తుంపరలుంటే రవాణాలో దెబ్బతిని రిపేరైన బండి అయి ఉండొచ్చు, తీసుకోకండి. కళింగపట్నం, భావనపాడు లాంటి ఉప్పుగాలి ఊళ్ళవాళ్ళు ఏటా వానలు వెళ్ళాక బండిని లిఫ్టు మీద ఎక్కించి, డోర్ల కింది అంచులు, జాకీ పెట్టే చోట్లు తుప్పు పట్టాయేమో చూపించుకోవాలి. పక్క నుంచి దెబ్బ తగిలితే మోసేది ఆ అంచులే.

ఎప్పుడైనా ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేంత ప్రమాదం జరిగితే, ఎయిర్‌బ్యాగులతో పాటు వాటి కంట్రోల్ యూనిట్‌నీ, ఆ సమయంలో పెట్టుకుని ఉన్న బెల్టులనీ మార్చాలి. గుద్దుకున్న క్షణంలో బెల్టును బిగించే ప్రీటెన్షనర్ ఒక్కసారే పనిచేస్తుంది. ఖర్చు మిగుల్చుకోవడానికి కొన్నిచోట్ల ఎయిర్‌బ్యాగ్ పెట్టకుండా వైర్ల మధ్య చిన్న రెసిస్టర్ పెట్టి ఎర్ర లైటు ఆర్పేస్తారు, పైన కొత్త మూత బిగిస్తారు. చూడటానికి ఏ తేడా కనబడదు. అందుకే రిపేరు బిల్లులో ఎయిర్‌బ్యాగ్, కంట్రోల్ యూనిట్, బెల్టు ఒక్కోదానికీ పార్టు నంబరు విడిగా రాయించుకుని, పాత విడిభాగాలు చూపించమని అడిగి, ఇన్సూరెన్స్ సర్వేయరు రిపోర్టుతో సరిచూసుకున్నాకే బండి తాళాలు తీసుకోండి.